అమెరికా ఓడల దారిలో: ఓస్లో నుంచి హల్, లివర్‌పూల్ దాకా

నార్వే నుంచి అమెరికాకి వలస వెళ్లినవాళ్ల ఓడల చరిత్ర చూడాలని ఓస్లోలో ఎవరినైనా అడిగితే, ముందుగా ఒక హోటల్ పేరు చెబుతారు. ఆ హోటల్ చూడాల్సిందే. కానీ అది చూసి తిరిగొచ్చేస్తే కథలో చివరి భాగం మాత్రమే చూసినట్టు. 1825 నుంచి 1930 దాకా ఎనిమిది లక్షల మందికి పైగా నార్వే వదిలి వెళ్లారు. స్టీమర్ల కాలం వచ్చాక వాళ్లలో ఎక్కువమంది ఎక్కినవి నార్వే కంపెనీ ఓడలు కావు, అవి నేరుగా అమెరికా వెళ్లనూ లేదు. ముందు ఇంగ్లండ్ తూర్పు తీరంలో హల్ రేవులో దిగేవాళ్లు. అక్కణ్ణించి రైల్లో దేశం అడ్డంగా దాటి లివర్‌పూల్ చేరేవాళ్లు. అసలు అమెరికా ఓడ ఎక్కేది అక్కడ. అందుకే మేం మా ట్రిప్‌ని ఓస్లోతో ఆపకుండా లివర్‌పూల్ దాకా పెట్టుకున్నాం. ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని, ఎక్కడ ఎంత సమయం పెట్టొచ్చో, ఎక్కడ ఆగక్కర్లేదో రాస్తున్నాను.

ఆ హోటల్ పేరు అమెరికాలిన్యెన్. ఓస్లో సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొచ్చి కంచు పులి విగ్రహం దాటితే రోడ్డుకి అవతల కనిపిస్తుంది. 1919లో పూర్తయిన ఈ భవనం నార్వేజియన్ అమెరికా లైన్ అనే ఓడల కంపెనీకి ప్రధాన కార్యాలయం. 2019లో 122 గదుల హోటల్‌గా తెరిచారు. ఓస్లోలో ఖరీదైన హోటళ్లలో ఇదొకటి కాబట్టి మేం అందులో దిగలేదు. కింద లాబీలోకి ఎవరైనా వెళ్లి కాఫీ తాగొచ్చు. నేనైతే ఆ కాఫీ కప్పు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను, ఎవరూ లేవమనలేదు. బార్ పేరు పియర్ 42. న్యూయార్క్‌లో ఈ కంపెనీ ఓడలు ఆగే రేవు నంబరది. కింద జాజ్ సంగీతం వినే గదికి గుస్తావ్ అని పేరు పెట్టారు. కంపెనీ మొదటి డైరెక్టర్ గుస్తావ్ హెన్రిక్సెన్ పేరది. ఆయన్ని తలుచుకోవడం సబబే, ఎందుకంటే ఈ కంపెనీ పుట్టుకలో ఆయన తిరిగిన తిరుగుడు చాలా ఉంది.

నార్వే 1905లో స్వీడన్ నుంచి విడిపోయి సొంత దేశం అయింది. అప్పటికి వ్యాపార నౌకల్లో ప్రపంచంలోనే పెద్ద దేశాల్లో ఒకటి. అయినా సొంత మనుషులు అమెరికా వెళ్లాలంటే పరాయి ఓడలే దిక్కు. అంతకుముందు 1871లో బెర్గెన్ వ్యాపారులు నేరుగా న్యూయార్క్‌కి ఒక లైన్ పెట్టారు గానీ, 1873లో అమెరికా ఆర్థికంగా కుదేలయ్యేసరికి వలసలు పడిపోయి, 1876కల్లా అది మూతపడింది. 1910 ఆగస్టులో మళ్లీ కంపెనీ పెట్టినప్పుడు దేశంలో పోగైన డబ్బు చాలలేదు. హెన్రిక్సెన్ అమెరికా వెళ్లి, అక్కడ స్థిరపడిన నార్వేవాళ్ల ఊళ్లు తిరిగి షేర్లు అమ్మారు. మిన్నెసోటాలో, డకోటాల్లో గోధుమ పండించుకుంటున్న రైతులు తాము వదిలి వచ్చిన దేశానికి ఓడలు కొనిపెట్టారన్నమాట. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

మొదటి రెండు ఓడలు క్రిస్టియానియాఫ్యోర్డ్, బెర్గెన్స్‌ఫ్యోర్డ్. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఎదురుగా బర్కెన్‌హెడ్‌లో కట్టినవి. రెండూ 1913లో సర్వీసులోకి వచ్చాయి. ఓస్లోని అప్పట్లో క్రిస్టియానియా అనేవాళ్లు. అక్కడ బయల్దేరి క్రిస్టియన్‌సాండ్, స్టవాంగర్, బెర్గెన్‌లలో జనాన్ని ఎక్కించుకుని అట్లాంటిక్‌లోకి వెళ్లేవి. క్రిస్టియానియాఫ్యోర్డ్‌కి ఇంకో రకంగా కూడా పేరొచ్చింది. 1917 మార్చిలో విప్లవం కోసం రష్యాకి తిరిగి వెళ్తూ ట్రాట్‌స్కీ భార్యాపిల్లలతో న్యూయార్క్‌లో ఎక్కింది ఈ ఓడే. దారిలో హాలిఫాక్స్‌లో బ్రిటిష్ అధికారులు ఆయన్ని దింపేసి సుమారు నెల రోజులు నిర్బంధించారు. అదే ఏడాది జూలైలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కేప్ రేస్ రాళ్లకి కొట్టుకుని ఓడ పోయింది. లోపల దాదాపు వెయ్యిమంది ఉన్నా ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇంత కష్టపడి పెట్టిన కంపెనీకి కాలం మాత్రం కలిసి రాలేదు. వలసలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది 1882లో. ఆ ఒక్క ఏడాదే 28 వేల మందికి పైగా వెళ్లారు. అప్పటికి దేశం మొత్తం జనాభా ఇరవై లక్షలు కూడా లేదు. యూరప్‌లో జనాభా లెక్కన ఇంతకన్నా ఎక్కువమందిని పోగొట్టుకున్నది ఐర్లండ్ ఒక్కటే అంటారు. సొంత ఓడలు నీళ్లలోకి దిగేసరికి ఆ వరద చాలావరకు తీసేసింది. తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది. 1921లో, 1924లో ఏ దేశం నుంచి ఏటా ఎంతమంది రావచ్చో పరిమితి పెడుతూ అమెరికా కోటా చట్టాలు వచ్చాయి. దాంతో ఈ ఓడల పని మారిపోయింది. వెళ్లేవాళ్లకన్నా, వెళ్లినవాళ్లు అమ్మానాన్నల్ని చూసుకోవడానికి తిరిగి రావడం మీద నడిచాయి. డిసెంబరులో క్రిస్మస్‌కి ఇంటికి చేర్చే ఓడ అని ప్రత్యేకంగా నడిపేవాళ్లు. 1918 నుంచి 1963 దాకా తిరిగిన స్టవాంగర్‌ఫ్యోర్డ్‌ని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ సొంత మనిషిలా తలుచుకుంటారు. 1953 డిసెంబరులో అట్లాంటిక్ నడుమ తుఫానులో దాని చుక్కాని ఊడిపోతే, కెప్టెన్ రెండు ప్రొపెల్లర్ల వేగం మారుస్తూ ఓడని నార్వే దాకా తెచ్చాడు. లోపల క్రిస్మస్‌కి ఇళ్లకి వెళ్తున్న జనం.

ఓస్లోలో రెండో చోటు బిగ్దోయ్‌లోని మారిటైమ్ మ్యూజియం. సిటీ హాల్ ఎదురుగా ఉన్న రేవు నుంచి పడవ ఉంటుంది, చలికాలంలో అయితే 30 నంబర్ బస్సు. ఓడల నమూనాలు బాగుంటాయి, పిల్లలుంటే పక్కనే ఫ్రామ్, కాన్-టికి మ్యూజియంలు కూడా చూపించొచ్చు. వలసల సంగతి కోసమే వెళ్తే మాత్రం గంటన్నర చాలు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి ప్రత్యేక రైలు ఎక్కక్కర్లేదు. మామూలు రైలు దాదాపు సగం ధరకే, కొద్ది నిమిషాల తేడాతో తీసుకొస్తుంది.

హామర్ మాత్రం వదలొద్దు. ఓస్లో నుంచి ఉత్తరంగా, దేశంలోకెల్లా పెద్ద సరస్సు మ్యోసా ఒడ్డు వెంబడి రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. ఊరి బయట ఒట్టెస్టాడ్‌లో వలసల మ్యూజియం ఉంది. నార్వేవాళ్లు అమెరికా వెళ్లి కట్టుకున్న చెక్క ఇళ్లని, ఒక చర్చిని అక్కడ విప్పి, ఓడల్లో తెచ్చి మళ్లీ ఇక్కడ నిలబెట్టారు. బయటి నుంచి చూస్తే ఆ దుంగల ఇళ్లకీ నార్వే పల్లెల ఇళ్లకీ పెద్ద తేడా తెలియదు. లోపలికి వెళ్తే పొయ్యి అమెరికాది, గోడమీద క్యాలెండర్ అమెరికాది, బైబిల్ మాత్రం నార్వేది.

అక్కడ ఒక పెట్టె ముందు మా ఆవిడా నేనూ చాలాసేపు నిలబడ్డాం. గుండ్రటి మూత, చుట్టూ ఇనుప పట్టీలు, ముందు భాగంలో తెల్ల రంగుతో పేరు, ఏడాది, కింద నార్త్ అమెరికా అని అక్షరాలు. రాసినవాడు చేయి తిరిగిన పెయింటర్ కాదు. మొదట అక్షరాలు పెద్దగా మొదలుపెట్టి, చోటు సరిపోక చివరికి వచ్చేసరికి ఇరికించాడు. తెరచాప ఓడల రోజుల్లో పది పన్నెండు వారాల తిండి ఇలాంటి పెట్టెల్లోనే మోసుకెళ్లాలి. ఎండబెట్టిన రొట్టె, ఉప్పు చేప, ఉప్పు మాంసం, వెన్న అన్నీ. స్టీమర్ వచ్చాక సముద్రం మీద ప్రయాణం పది పన్నెండు రోజులకి తగ్గింది, భోజనం టికెట్‌లోనే కలిపారు. పెట్టె చిన్నదైంది. ఆ మ్యూజియంలో ఎక్కువ భాగం ఆరుబయటే కాబట్టి ఎండాకాలంలో వెళ్లండి. ఇళ్ల లోపలికి ఏ రోజుల్లో వెళ్లనిస్తారో ముందే చూసుకోండి. స్టేషన్ నుంచి బస్సుంది గానీ మాకు సమయం కలవక టాక్సీ పట్టుకున్నాం, పది నిమిషాలే.

స్టవాంగర్ గురించి కొంచెమే చెబుతాను. 1825 జూలై 4న రెస్టౌరేషన్ అనే చిన్న తెరచాప పడవ 52 మందితో ఇక్కణ్ణించే బయల్దేరి అక్టోబరు 9న న్యూయార్క్ చేరింది. దారిలో ఒక ఆడపిల్ల పుట్టడంతో దిగినప్పుడు 53 మంది. మతం విషయంలో వేధింపులు పడలేక వెళ్లిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు వాళ్లలో ముఖ్యులు. ఇంత చిన్న పడవలో అంతమందిని తెచ్చినందుకు అమెరికా చట్టం ప్రకారం పెద్ద జరిమానా పడితే, ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్ మాఫీ చేశారు. రెండు వందల ఏళ్లయిన సందర్భంగా 2025లో అదే తేదీన ఆ పడవ నమూనా మళ్లీ స్టవాంగర్ నుంచి బయల్దేరి అదే అక్టోబరు 9కి న్యూయార్క్ చేరింది. పాత ఊళ్లో తెల్ల చెక్క ఇళ్ల మధ్య ఒక పెద్దావిడ నడిపే గదుల్లో దిగాం. బస విషయంలో ఈ ట్రిప్ మొత్తంలో అదే ఉత్తమం. నేల మీద నడిస్తే కిర్రుమంటుంది, బాత్‌రూమ్ ఇరుకు, కానీ పొద్దున్నే వేడి రొట్టె, గోధుమ రంగు జున్ను, ఇంట్లో చేసిన జామ్ పెట్టి, మేం శాకాహారులమని తెలిసి మర్నాడు చేప పళ్లెం మా బల్లమీదకే రానివ్వలేదు.

బెర్గెన్‌కి బస్సులో వెళ్లాం. దారిలో రెండుచోట్ల బస్సుతో సహా ఫెర్రీ ఎక్కిస్తారు, ఐదు గంటల పైనే పడుతుంది, విసుగు రాదు. బెర్గెన్‌లో బస మాత్రం చేదు అనుభవం. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన అపార్ట్‌మెంట్ తలుపు కోడ్ సాయంత్రానికి పంపుతామన్నారు. వానలో సామాను పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. రాత్రి పది దాటాక కోడ్ వచ్చింది. క్షమాపణ లేదు, డబ్బు వెనక్కి లేదు. అందుకే చెబుతున్నాను, నార్వేలో మనిషి ఉండే రిసెప్షన్ ఉన్న చోటే తీసుకోండి. కొంచెం ఎక్కువైనా హోటల్ అయితే టిఫిన్ మామూలుగా అద్దెలోనే ఉంటుంది, ఆ దేశపు తిండి ధరలకి అదే పెద్ద ఆదా. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగొచ్చు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు కాబట్టి శనివారమే కావలసినవి కొనిపెట్టుకోవాలి.

బెర్గెన్ రేవులో స్కోల్టెగ్రున్ అనే గట్టు ఉంది, పాత కోట పక్కనే. అట్లాంటిక్‌లోకి వెళ్లే ముందు నార్వేలో చివరి నేల బెర్గెనే. ఇప్పుడు అక్కడ పెద్ద క్రూయిజ్ ఓడలు ఆగుతాయి. చూడటానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, బ్రిగ్గెన్‌లోని పాత చెక్క గోదాములు చూసి నడుచుకుంటూ వెళ్తే చాలు. బెర్గెన్‌లో నాకు ఎక్కువ పనికొచ్చింది ఊరు కాదు, ఊరి పేరుతో ఉన్న వలసదారుల రిజిస్టర్లు. 1860ల చివరి నుంచి నార్వే పోలీసులు రేవుల్లో ఓడ ఎక్కే ప్రతి వలసదారు టికెట్ ఒప్పందం తనిఖీ చేసి పేరు రాసుకునేవాళ్లు. ఏజెంట్లు జనాన్ని మోసం చేయకుండా పెట్టిన చట్టం అది. పేరు, వయసు, పని, ఊరు, ఎక్కడికి వెళ్తున్నారు, ఏ ఓడ అన్నీ రాశారు. ఇవన్నీ డిజిటల్‌ఆర్కివెట్ అనే ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. వానతో బయటికి వెళ్లలేని సాయంత్రం అవే చూస్తూ కూర్చున్నాను. పనిమనిషి, వయసు 19. కూలీ, వయసు 22. మళ్లీ పనిమనిషి. పేజీ తర్వాత పేజీ అంతే. ఇరవై ఏళ్ల పిల్లలు ఖాళీ చేసిన పల్లెలు కళ్లకి కడతాయి. చాలామంది టికెట్లు అమెరికాలో ముందే ఉన్న అన్నో, అక్కో, మేనమామో కొని పంపినవి. డాలర్ పంపి తమ్ముణ్ణి పిలిపించుకునే అలవాటు మనవాళ్లకీ కొత్తది కాదు.

ఇక హల్. నార్వేకీ ఇంగ్లండ్‌కీ మధ్య ఇప్పుడు ప్రయాణికుల ఫెర్రీ లేదు. హల్‌కి సముద్రం మీదే చేరాలన్న పట్టుదల నాది. అందుకని బెర్గెన్ నుంచి విమానంలో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, రోటర్‌డామ్ దగ్గర రాత్రి ఫెర్రీ ఎక్కాం. క్యాబిన్ చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, మంచం మెత్తగా ఉంది, పొద్దున్నకి హంబర్ నది ముఖద్వారం బురద నీళ్లు కనిపించాయి. రేవు రోటర్‌డామ్ ఊరికి చాలా దూరం, అక్కడికి చేరే దారి ముందే చూసుకోవాలి. మన పాస్‌పోర్ట్‌వాళ్లకి ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. నార్వే, నెదర్లాండ్స్‌కి షెంగెన్ వీసా సరిపోతుంది, హల్‌కి బ్రిటన్ వీసా విడిగా కావాలి. మా బడ్జెట్‌లో టికెట్ల తర్వాత పెద్ద ఖర్చు అదే.

హల్ టూరిస్టు ఊరు కాదు. ట్రావెల్ ఏజెంట్ ఎవరూ మిమ్మల్ని అక్కడికి పంపరు. కానీ 1836 నుంచి 1914 వరకు ఇరవై రెండు లక్షల మంది వలసదారులు ఈ ఊరి మీదుగా వెళ్లారు. నార్వేవాళ్లు, స్వీడన్‌వాళ్లు, జర్మన్లు, రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన యూదులు. వాళ్లని తెచ్చిన ఓడల్లో ఎక్కువ భాగం ఈ ఊరి విల్సన్ కంపెనీవే. ఆకుపచ్చ శరీరం, నల్ల అంచుతో ఎర్ర పొగగొట్టం ఉండేవి కాబట్టి వాటిని చిలకలనేవాళ్లు. ఒక కుటుంబం చేతిలో ఉన్న ఆ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రైవేటు ఓడల కంపెనీగా పేరు పొందింది. చేపలు, కలప, గుర్రాలతో పాటే మనుషులు. తుఫాను ఉంటే ఉత్తర సముద్రం మీద ఆ రెండు మూడు రోజులే మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా కష్టం అనిపించేదిట.

పారగన్ స్టేషన్ ముఖద్వారంలోంచి కాకుండా పక్కన ఆన్లబీ రోడ్డు వైపు వెళ్లండి. అక్కడ ఒకే అంతస్తుతో పొడవాటి ఇటుకల గది ఉంటుంది. 1871లో రైల్వే కంపెనీ వలసదారుల కోసం కట్టిన వెయిటింగ్ రూమ్ అదే. గోడమీద పలక లేకపోతే పాత గోదామనుకుంటారు. రాత్రి పడుకోవడానికి కాదు, మొహం కడుక్కోవడానికి, ఎండా వానా తగలకుండా కూర్చోవడానికి, టికెట్ ఏజెంట్‌ని కలవడానికి. కట్టింది దయతో మాత్రమే కాదు. పరదేశులు వీధుల్లో తిరిగితే కలరా వస్తుందని ఊరివాళ్ల భయం. జనం ఎక్కువై పదేళ్లకే దాన్ని పెంచాల్సొచ్చింది. వాళ్ల కోసం ప్రత్యేకంగా పొడవాటి ప్లాట్‌ఫారం కట్టారు, ఒక్కోసారి 17 పెట్టెల రైలు నడిచేది, చివరి నాలుగూ సామానుకే. హామర్‌లో చూసిన పెట్టె లాంటివి ఎన్ని వేలు ఈ గుమ్మం దాటి ఉంటాయో. మా తాతగారి అన్న కాకినాడ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లారు. ఆయన ఏ షెడ్డులో కూర్చున్నారో, ఆయన పేరు ఎవరైనా రాసుకున్నారో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ గది గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు ఆయన గుర్తుకొచ్చారు. నార్వే ప్రభుత్వం తన పేదవాళ్ల పేర్లు రాసి ఉంచినందుకు నాకు నిజంగా గౌరవం కలిగింది.

హంబర్ ఒడ్డున వలస కుటుంబం కంచు విగ్రహం ఉంది, స్టేషన్ నుంచి నడిచే దూరమే. హల్‌లో బస చవక, మనుషులు కలుపుగోలుగా ఉంటారు, స్టేషన్ దగ్గర ఇండియన్ భోజనం కూడా దొరికింది. ఒక రాత్రి చాలు.

అక్కణ్ణించి లివర్‌పూల్ రైలెక్కాం. లివర్‌పూల్ రేవు గురించి అందరూ రాసినదే కాబట్టి నేను ఒక్క చోటే చెబుతాను. పార్క్ లేన్‌లో ఎనిమిది మూలల ఎర్ర ఇటుకల చర్చి ఉంది. 1884లో తెరిచిన స్కాండినేవియా నావికుల చర్చి అది. భాష రాని ఊళ్లో ఓడ కోసం ఎదురుచూస్తున్న వలసదారులకి తమ మాట వినిపించే చోటు అది. ఇప్పటికీ నార్డిక్ దేశాలవాళ్లే చూసుకుంటున్నారు. కొన్ని రోజులే తెరిచి ఉంటుంది, ముందు ఈమెయిల్ పెట్టి వెళ్లండి. మేం అలాగే వెళ్తే కాఫీ ఇచ్చి, తొందర పెట్టకుండా చూపించారు.

నార్వేకి ఒకే ట్రిప్ పెట్టుకోగలిగినవాళ్లు ఓస్లో, హామర్ చూసి బెర్గెన్ రైలెక్కండి, ఆ రైలు దారి కోసమైనా వెళ్లాలి. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లయితే హల్, లివర్‌పూల్ ఒక శనాదివారాల్లో తేలిగ్గా అయిపోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకి అయోవాలో డెకోరా ఊళ్లో వెస్టర్‌హైమ్ మ్యూజియం ఉంది, నార్వే వలసదారుల వస్తువులు 1877 నుంచి పోగుచేస్తున్నారు. మినియాపొలిస్ నుంచి కారులో మూడు గంటల లోపే. అక్కడుంటున్న మా చిన్నాన్నగారి అబ్బాయి వచ్చే వేసవికి తీసుకెళ్తానన్నాడు. ఓడ ఎక్కినవాళ్లు దిగాక ఏమయ్యారో చూడటం ఇంకా మిగిలే ఉంది.